ఆలస్యంగా నమోదైన పెళ్లి

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో రైలెక్కేసరికే అలసటగా ఉంది. ఒళ్లో బైబిల్ తెరిచానే గాని, చదివిన వాక్యమే మళ్లీ చదువుతున్నాను. ఎదురుగా అరవై దాటిన ఫిలిప్పీన్స్ దంపతులు కూర్చున్నారు. పక్షవాతంతో ఆయన కుడిచెయ్యి పడిపోయింది. ఆయన చొక్కా గుండీలు సరిచేస్తూ ఆవిడ ఇంగ్లిష్‌లో మాట కలిపింది. పెళ్లి అమెరికాలోనే జరిగిందట. దాన్ని తమ కాన్సులేట్‌లో ఇన్నేళ్లూ నమోదు చేయించలేదట. ఇప్పుడు అందుకే న్యూయార్క్ వెళ్తున్నారు.

"మా దేశం లెక్కలో నేనింకా పెళ్లికాని పిల్లనే," అని నవ్వింది. "ఈయనకిలా అయ్యాక నమోదెందుకు, ఊరుకో అంటుంది మా అక్క. మా దగ్గర విడాకుల్లేవు, నమోదైతే ఇక కట్టుబడిపోయినట్టే. ఈయనకేమో వదిలేసి పోతానని భయం."

"నూవార్క్ స్టేషన్ వస్తోంది. పారిపోవాలంటే దిగిపో," అన్నాడాయన ముద్దముద్దగా.

"ముందు టోపీ సరిగ్గా పెట్టుకో, పెళ్లికొడకా!"

కాసేపటికి ఆయన ఆవిడ భుజం మీద నిద్రపోయాడు. ఆవిడ ముఖంలో నవ్వు పోయి అలసట మిగిలింది.

"ఆయన స్వస్థత కోసం ప్రార్థన చేయనా, సిస్టర్?" అన్నాను.

"అది మా చర్చిలో అందరూ చేస్తున్నారు, బ్రదర్. నేను ఈయన్ని విసుక్కోకుండా ఉండాలని అడగండి. ఈ పొద్దున కూడా అరిచాను."

ఆయన నిద్ర చెడకుండా మెల్లగా అదే అడిగాను.

ఇప్పుడు మా చర్చి సంఘంలో కొత్త జంటల కోసం ప్రార్థించేటప్పుడు, పిల్లాపాపల కంటే ముందు, ఒకరినొకరు విసుక్కోకుండా ఉండే కృప అడుగుతున్నాను. కుర్రవాళ్లు నవ్వుకుంటారు. పెద్దవాళ్లు మాత్రం గట్టిగా ఆమెన్ అంటారు.