మడ అడవిలో పరుగు

చలికాలం వచ్చిందంటే ఢిల్లీ ఆర్.కె. పురంలోని మా క్వార్టర్ కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కుతాను. అయినా పొగ లోపలికి వస్తుంది. నిరుడు నాలుగేళ్ల మా పాప ఊపిరి పీలుస్తుంటే ఛాతీలో ఈల వేసినట్టు వినిపించేది. పొగ తగ్గేదాకా ఢిల్లీకి దూరంగా ఉంచమన్నారు డాక్టర్. మాతోనే ఉండే అత్తయ్య వద్దంటున్నా, దాన్ని తీసుకుని కాకినాడలోని మా పుట్టింటికి వెళ్లాను.

కొద్దిరోజులకే ఈల ఆగింది. నాకే నమ్మకం కుదరలేదు. ఆడుకుంటున్న పిల్లను ఆపి మరీ వీపుకి చెవి ఆనించి వినేదాన్ని.

"దాన్ని కాస్త వదలవే తల్లీ! పదండి, ఊరు చూపిస్తాను" అన్నారు నాన్న.

ఉప్పాడలో అలలు రోడ్డు మీదికి ఎగిరిపడుతుంటే పాప కారులోంచి కేకలు పెట్టింది. మర్నాడు కోరంగి వెళ్లాం. మడ చెట్ల మధ్య చెక్క వంతెన, కింద బురదలో గెంతే చిన్న చేపలు. "మమ్మీ, దేఖో, మఛ్లీ కూద్ రహీ హై!" అంటూ పాప వంతెన చివరిదాకా పరుగెత్తింది. వెనక్కి తిరిగి నవ్వింది. ఆయాసం లేదు. నేను అక్కడే చతికిలబడి ఏడ్చేశాను.

నాన్న ఆ పరుగును వీడియో తీసి, మురిసిపోతూ మా అత్తగారికి పంపారు.

సాయంత్రానికే ఆవిడ ఫోన్ చేశారు. "చూశానమ్మా. లేడిపిల్లలా గెంతుతోంది. ఇంకా జబ్బేమిటి?"

"ఇక్కడుంది కాబట్టి బావుందత్తయ్యా. అక్కడ పొగ తగ్గేదాకా..."

"అచ్ఛా! ఢిల్లీలో పిల్లలే లేరా? నీ మొగుడు ఈ గాలిలోనే పెరిగాడు. నీకు షికార్లు కావాలంటే నోరు తెరిచి అడుగు. బిడ్డ మీద పెట్టకు."

మా ఆయన అప్పటికే మాకు తిరుగు టికెట్లు తీసేశారు. "తగ్గింది కదా, ఇంకేంటి?" అన్నారు. స్టేషన్‌లో నాన్న నా మొహంలోకి చూడలేకపోయారు.

ఢిల్లీ చేరిన వారంలోపే, ఓ ఉదయం పాప పాలు తాగలేక గ్లాసు తోసేసింది. మళ్లీ అదే ఈల. ఒళ్లో కూర్చోబెట్టుకుని నెబులైజర్ మాస్కు పెట్టాను. దాని డొక్కలు లోపలికి లాక్కుపోతున్నాయి. అత్తయ్య గుమ్మంలోనే ఆగిపోయారు. నిజంగానే భయపడ్డారు.

"వద్దంటే విన్నావా? ఆ సముద్రపు చెమ్మలో, ఆ బురదలో తిప్పావు. ఇదిగో, ఇప్పుడు బయటపడింది. ఇంక దీన్ని ఆ ఊరు పంపేది లేదు."

మా ఆయన పాప అరికాళ్లు రుద్దుతూ, తలెత్తకుండానే అన్నారు.

"సరేనమ్మా."