అక్క డాబా మీద కొలిచిన గాలి

ఆఫీసులో అతన్ని అందరం దుమ్ముగారు అనేవాళ్లం. ఎదురుగానే అనేవాళ్లం, పలికేవాడు కూడా. ఇరవై రెండేళ్లు అతని పని గాలిని కొలవడమే. యంత్రంలో తెల్లటి వడపోత కాగితం పెట్టి, ఒక రోజంతా దాని గుండా గాలి లాగించి, మర్నాడు బూడిదరంగుకు తిరిగిన ఆ కాగితాన్ని కవరులో పెట్టి నాకు తెచ్చిచ్చేవాడు. నేను తూకం వేసేదాన్ని. పెరిగిన బరువే దుమ్ము. ఆ లెక్క చూసే పైవాళ్లు కొత్త రోడ్లకు అనుమతి ఇచ్చేవారు.

పనిలో మహా నిక్కచ్చి. కాగితాన్ని ఎవరైనా వట్టి చేత్తో ముట్టుకుంటే మండిపడేవాడు. "చెమటక్కూడా బరువుంటుంది మేడమ్" అని నాకే పాఠం చెప్పాడోసారి. అతనికున్న జబ్బు ఒక్కటే. తను చేసే పనేమిటో బయటివాళ్లకు విడమరిచి చెప్పేవాడు కాదు. ఎవరైనా అడిగితే, "చెప్పినా మీ బుర్రకెక్కదులెండి" అనేవాడు. ఆ మాటంటే నాకు ఒళ్లు మండేది. ఇప్పటికీ మండుతుంది.

ఆ ఏడు పెద్ద రోడ్డొకటి వేయాలనుకున్నారు. దానికి రెండు దారులు చూశారు. ఒకటి ఇళ్ల మధ్య నుంచి, రెండోది కాస్త దూరమైనా వెనకున్న ఖాళీ మైదానం చుట్టూ తిరిగి. ఇళ్ల దగ్గర గాలి ఇప్పటికే పాడైందని తేలితే రోడ్డు మైదానం వైపు పోతుంది, బాగుందని తేలితే ఇళ్ల మధ్య నుంచే. ఆ ఇళ్లలో ఒకటి దుమ్ముగారి అక్కది. ఆమె కూతురికి ఎనిమిదేళ్లు, ఉబ్బసం. పలకా పుస్తకాలతో పాటు పీల్చే మందు కూడా బడిసంచీలో పెట్టుకుని వెళ్లే పిల్ల. రోడ్డు వస్తే సరిగ్గా ఆ పిల్ల పడుకునే గది కిటికీ పక్కనుంచి వస్తుంది.

యంత్రం పెట్టుకోవడానికి ఆ వీధిలో ఎవరూ డాబా ఇవ్వలేదు. రోజంతా ఆ రొద ఎవరు భరిస్తారన్నారు. చివరికి అక్క ఇచ్చింది. సొంత అక్క ఇల్లు కదా అని ఇతను నసిగితే, "యంత్రానికి బంధుత్వాలుంటాయటయ్యా?" అని మా పెద్దసారు నవ్వేశాడు.

"ఇదేం చేస్తుందిరా?" అని అక్క అడిగిందట.

"నీకెందుకక్కా అదంతా? చాలా ఖరీదైంది. జాగ్రత్తగా చూసుకో, చాలు."

ఆమె చూసుకుంది. మూడు నెలలు దాన్ని కంటికి రెప్పలా చూసుకుంది.

అక్కడినుంచి వచ్చిన కాగితాలు దాదాపు తెల్లగానే ఉండేవి. ఆ వీధిలో పొద్దస్తమానం లారీలు తిరుగుతాయని నాకు తెలుసు. "ఏం దుమ్ముగారూ, మీ అక్కయ్యగారి వీధిలో దుమ్ముకి కరువొచ్చిందా?" అని ఎగతాళి చేశాను. "డాబా ఎత్తులో ఉంది మేడమ్, గాలి బాగా ఆడుతుంది" అన్నాడు. నేను సరేననుకుని తూకం రాసేశాను. గట్టిగా అడగాల్సింది, అడగలేదు.

ఎప్పుడూ పదింటికి వెళ్లే మనిషి, ఆఖరి రోజు వేరే పనుండి ఏడింటికే వెళ్లాడు. డాబా అంతా తడితడిగా ఉంది. యంత్రం మూతి మీదుగా నిలువునా దుప్పటి కప్పి ఉంది.

"ఇదేంటక్కా?"

"నువ్వు జాగ్రత్త అన్నావు కదరా. నువ్వు కాగితం పెట్టి అటెళ్లగానే కప్పేస్తాను. నువ్వొచ్చే లోపల తీసి ఉతికి ఆరేస్తాను. దుమ్ము లేవకుండా రెండు పూటలా నీళ్లు కూడా చల్లుతున్నా. నీ మిషన్ మీద ఒక్క నలుసు పడనిచ్చానేమో చూసుకో!"

ఇతను దుప్పటి లాక్కుని తిన్నగా ఆఫీసుకొచ్చి పెద్దసారు బల్ల మీద పరిచాడు. నేనక్కడే ఉన్నాను. ఒక్క రోజులో పట్టిన మసి అది. మధ్యలో అరచేయంత నల్లగా ఉంది.

పెద్దసారు దాన్ని చూపుడువేలితో అవతలికి నెట్టాడు. "దుప్పటికి తూకం వేయమని ఏ రూల్లో ఉందయ్యా? మళ్లీ కొలవాలంటే మూడు నెలలు. ఎవడాగుతాడు? అయినా 'యంత్రానికి అడ్డం ఏమీ లేదు' అని వచ్చినప్పుడల్లా సంతకం పెట్టిందెవరు?"

"నేనే సార్."

"తప్పుడు సంతకాలని రాసివ్వు. ఇరవై రెండేళ్ల నీ కొలతలన్నీ తిరగతోడతారు."

రెండు రోజులు తిండి మానేసి తిరిగాడు. రాసివ్వలేదు. పోనీ అక్కకైనా చెప్పమన్నాను. "తన పిల్లకి తనే చేసుకున్నానని కుమిలిపోతుంది మేడమ్" అన్నాడు. అది ప్రేమంటారో పిరికితనమంటారో మీ ఇష్టం. నేను మాత్రం పిరికితనమనే అంటాను. ఆ మాట అనే హక్కు నాకూ లేదు, నేనూ నోరు మెదపలేదు కాబట్టి.

రోడ్డు ఇళ్ల మధ్య నుంచే అని తేల్చాక, అభ్యంతరాలు వినడానికి బడి హాల్లో సభ పెట్టారు. అక్క పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది. రాసి తెచ్చుకున్న కాగితం చూసి, చదివింది. పిల్ల దగ్గు గురించి, లారీల గురించి, కిటికీ గురించి. హాలంతా చెవులొగ్గి విన్నది. ఒక్కసారిగా నాకు ఆశ పుట్టింది.

సభ నడిపే అధికారి మర్యాదగానే జవాబిచ్చాడు. "మీ బాధ అర్థమైందమ్మా. కానీ మూడు నెలలు మీ డాబా మీదే కొలిపించాం. గాలి చాలా బాగుంది. ఊహల మీద రోడ్డు మళ్లించలేం కదా?"

ఆమె చేతిలో కాగితం కిందికి దిగింది. వెతుక్కుని మా వరుసవైపు చూసింది. "ఏరా, ఆ మిషన్ పెట్టింది గాలి కొలవడానికా?"

ఇతను లేచి నిలబడ్డాడు. పెదాలు కదిలాయి. పెద్దసారు తలతిప్పి చూశాడు. నేను నా చెప్పులకేసి చూసుకున్నాను. అతని నోట్లోంచి ఒక్క మాటే వచ్చింది.

"అవునక్కా."

ఆమె ముఖం తేలికపడింది. నిజంగానే తేలికపడింది, నా కళ్లతో చూశాను. "అయితే నేనే పొరపాటు పడ్డానేమోనండీ. మా తమ్ముడు తప్పు కొలవడు" అని అధికారికి చెప్పి, పిల్లను దగ్గరికి లాక్కుని కూర్చుంది.

అభ్యంతరం వెనక్కి తీసుకున్నారని గుమాస్తా రాసుకున్నాడు.