లెఫ్ట్ అవుట్ చిన్నాన్న

వానలకు బిగుసుకుపోయిన తోలు చెప్పులకు మొన్న ఆముదం రాస్తూ కూర్చుంటే, ఆ వాసన నన్ను చోడవరంలో మా పెరటి అరుగు మీదికి లాక్కుపోయింది. అక్కడ మా నాన్న తమ్ముడు సూరి చిన్నాన్న, ఫుట్‌బాల్ ఒళ్ళో పెట్టుకుని, దాని కుట్లకు వేలితో ఆముదం పట్టిస్తూ, చంటిపిల్లకు తలంటినంత ముద్దుగా చూసుకునేవాడు.

చలికాలం సాయంత్రాలు హైస్కూలు మైదానంలో ఆట. అందరికీ గోలు కొట్టడమే గొప్ప. చిన్నాన్న పని వేరు: ఎడమ గీత వెంట, బూట్లు లేని కాళ్ళతో, బంతి వేళ్ళకు అంటుకున్నట్టే పరిగెత్తుకుపోయి, చివర్లో మధ్యకు తన్నేవాడు. గట్టున కూర్చున్న మేము నోట్లో అటుకులు, కొత్త బెల్లం నమలడం మరిచిపోయి లేచి నిలబడేవాళ్ళం. విశాఖపట్నం జట్టువాళ్ళు చూసి రెండు ఆటలకు తీసుకెళ్ళారు. పెద్ద పోటీకి కార్డు రాస్తామన్నారు. ఇక రోజూ ఆయన కళ్ళన్నీ పోస్టుమాను మీదే.

తీరా కార్డొచ్చిన రోజు ఆయన చెరుకు నరకడానికి పొలం వెళ్ళాడు. బెల్లం వండే పొయ్యి దగ్గర తాతయ్యా నేనూ ఉన్నాం. తాతయ్యకు చదువు రాదు. నేను ఫస్ట్ ఫారం, అంటే ఇప్పటి ఆరో తరగతి. ఇంగ్లీషు వచ్చని ఇంటిల్లిపాదినీ విసిగిస్తున్న కాలం.

"ఏటి రాసేరే గుంటా?"

చిన్నాన్న పేరు పక్కన నాకు తెలిసినవి రెండే మాటలు: లెఫ్ట్ అవుట్. లెఫ్ట్ అంటే వదిలేయడమని మాస్టారు ఆ వారమే చెప్పారు. అవుటంటే ఎవరికి తెలీదు? "వదిలేసేరంట తాతా. అవుటంట" అన్నాను. ఎడమ అంచున ఆడేవాణ్ణి అలా పిలుస్తారని నాకేం తెలుసు!

"ఆడికి సెప్పకే, బెంగెట్టుకుంటాడు" అని తాతయ్య కార్డు పొయ్యిలో వేసేశాడు.

పదిహేను రోజులకు జట్టులో ఒకతను సైకిలు మీద వచ్చాడు. "రాలేదేటి సూరీ? కార్డేసేం కదా! నీ చోట ఇంకొకణ్ణి దింపేం" అన్నాడు. "కార్డెవులు తీసుకున్నారు?" అని చిన్నాన్న మా అందరినీ చూశాడు. తాతయ్య నన్ను తన వెనక్కి లాక్కుని, "నానే పొయ్యిలో ఏసేను. నువ్వెళ్తే సెరుకెవులు సూస్తారు?" అన్నాడు.

మళ్ళీ పిలుపు రాలేదు. చిన్నాన్న మళ్ళీ బంతి ముట్టుకోలేదు, తండ్రితో మాట్లాడనూ లేదు. ఒకే వరసలో కూర్చుని తింటూ, పొలం సంగతులు కూడా నాతో చెప్పించేవాడు. వాళ్ళిద్దరి మధ్యా అన్ని మాటలూ మోశాను, చెప్పాల్సిన ఆ ఒక్కటీ తప్ప. తాతయ్య పోయిన రోజైనా చెప్పాల్సింది. పిరికిదాన్ని.

ఇప్పుడా మైదానం ఎడమ పక్కంతా దుకాణాలు. టీవీ ముందు పిల్లలు ఆ అంచున ఆడేవాణ్ణి వింగరంటున్నారు; లెఫ్ట్ అవుట్ అనే మాటే ఎవరి నోటా వినబడదు. చిన్నాన్న కిందటేడు పోయాడు. మంచం మీద ఉండగా చూడబోతే, "మా అయ్య నా ఆట కాల్సేసేడమ్మా" అన్నాడు.

నేను ఆయన కాళ్ళు ఒత్తుతూ కూర్చున్నాను.