ఒక మెట్టు పైన పాడిన ఇల్లు

గంటమ్మ గొంతు పోవడానికి కారణం ఆమె తమ్ముడి భార్యేనని, కచేరీ రోజున పాలల్లో ఏదో కలిపి ఇచ్చిందని మా వీధిలో ఐదేళ్ళుగా చెప్పుకుంటున్నారు. దర్జీ కొట్టు దగ్గర పుట్టిన మాట అది. అక్కడి నుంచి మందుల షాపుకు, మందుల షాపు నుంచి బడి గేటు దాకా వెళ్ళింది. వెళ్ళిన చోటల్లా కాస్త ఒళ్ళు చేసింది. మొదట్లో ఆ కలిపింది ఉత్త "ఏదో". తర్వాత దానికి రంగు వచ్చింది, ఆ తర్వాత వాసన వచ్చింది. మొన్నటికి మొన్న దర్జీ ఆ పొట్లం కట్టిన కాగితం ఎలాంటిదో కూడా చెప్పాడు.

ఆ పాలు కాచింది నేను. ఆ రోజు వాళ్ళ స్టవ్ వెలగకపోతే మా వంటింట్లో కాచి, గ్లాసు మీద మూత పెట్టి, కచేరీ హాలు దాకా నా చేత్తోనే పట్టుకెళ్ళాను. అక్కడ గ్లాసు అందుకుని నిలబడింది మాత్రం ఆమె మరదలు. చూసినవాళ్ళకి అది చాలు. గంటమ్మ సగం తాగి పెట్టేసింది. మిగతా సగం పారబోయడానికి చేతులు రాక నేను తాగాను. నా గొంతు ఎలా ఉందో ఈ వీధి వీధంతటికీ తెలుసు. కాబట్టి పాల సంగతి ఇక్కడితో వదిలేయండి. అసలు సంగతి అంతకు రెండు తరాల ముందు మొదలైంది.

గంటమ్మ అంటే మేం పెట్టుకున్న పేరు. అసలు పేరు కచేరీ పోస్టర్ల మీద ఉండేది. గంట కొట్టినట్టు ఖంగున పాడేది కాబట్టి గంటమ్మ.

నేను ఈ ఇంట్లోకి వచ్చేసరికి ఆమెకి ఆరేళ్ళు. మా వంటింటి కిటికీకీ వాళ్ళ ముందు గదికీ మధ్య ఒక సైకిలు పట్టేంత సందు. కిటికీ తెరిస్తే వాళ్ళ మాటలు మా పొయ్యి దాకా వినపడాలి. వచ్చిన వారం రోజులూ చెవులు రిక్కించాను. ఒక్క మాట వినపడలేదు. ఆ ఇంట్లో తాత గుసగుసగా మాట్లాడేవాడు. తండ్రీ అంతే. ఇద్దరూ ఒకప్పుడు పెద్ద గాయకులే, గోడ నిండా వాళ్ళ ఫొటోలే. ఇప్పుడు ఇద్దరికీ గొంతు లేదు. తల్లికి గొంతు లక్షణంగా ఉండేది. అయినా వాళ్ళతో పాటు గుసగుసలాడీ ఆడీ ఆవిడకీ అదే అలవాటైపోయింది. కూరగాయల బండివాడు వస్తే ఆవిడ వేళ్ళు చూపించి బేరమాడేది. ఆ ఇంట్లో గట్టిగా నవ్వేది, ఏడ్చేది, పిలిచేది ఆ ఆరేళ్ళ పిల్ల ఒక్కతే.

మనిషికి గొంతు పోవడం ఎక్కడైనా ఉంటుంది. ఒకే ఇంట్లో ఇద్దరికి, అదీ నలభై దాటిన రెండు మూడేళ్ళలోనే ఎందుకు పోయిందా అని నాకు నిద్ర పట్టేది కాదు. తల్లిని అడిగితే, "మా ఇంట్లో మగవాళ్ళు పాడవలసినంత పాడి మానేస్తారు" అంది. మానేయడానికీ పోవడానికీ తేడా తెలియనంత అమాయకురాలిని కాను. కానీ అప్పటికి ఊరుకున్నాను.

పిల్లకి ఏడో ఏడు రాగానే తండ్రి దాన్ని శ్రుతిపెట్టె ముందు కూర్చోబెట్టాడు. తాత వాడిన పెట్టె అది. నల్ల చెక్క, వెనక తోలుతిత్తి, లోపల ఇత్తడి రేకులు. తిత్తిని మెల్లగా ఆడిస్తే ఒకటే స్వరం ఆగకుండా మోగుతుంది. ఆ స్వరాన్ని పట్టుకునే పాట మొదలుపెట్టాలి. ఇంకెక్కడైనా ముందు గొంతు చూసి, దానికి సరిపడా శ్రుతి పెడతారు. ఆ ఇంట్లో పెట్టె ముందు, గొంతు తర్వాత. ఎవరి గొంతైనా సరే, పెట్టె ఎక్కడ మోగుతుందో అక్కడే పాడాలి. పిల్ల అందుకోలేక ఆగిపోతే తండ్రి గుసగుసగా ఒకటే మాట అనేవాడు.

"పెట్టె దిగదు. నువ్వే ఎక్కాలి."

ఎక్కింది. ఆరు నెలలకి ఎక్కింది. మెడలో నరాలు తీగల్లా లేచేవి, కళ్ళలో నీళ్ళు తిరిగేవి, కానీ స్వరం మాత్రం సూదిలా సూటిగా వచ్చేది. పద్నాలుగో ఏట మొదటి కచేరీ. పదిహేడుకి రేడియో. ఇరవైకి ఆమె పాడుతోందంటే పక్క ఊళ్ళ నుంచి బస్సులు కట్టించుకుని వచ్చేవాళ్ళు. అంత పైస్థాయిలో అంత తేలిగ్గా పాడేవాళ్ళు ఇంకెవరూ లేరని పేపర్లలో రాశారు. ఆ తేలిక ఎలాంటిదో మా కిటికీకి తెలుసు. కచేరీ మర్నాడు ఆమె మాట్లాడేది కాదు. మూడో రోజు దాకా పలకా బలపమే.

పెళ్ళెందుకు చేసుకోవమ్మాయ్ అని అడిగితే, "వయొలిన్ ఆయన ఉన్నాడుగా పిన్నీ. నేనన్నదే మళ్ళీ అంటాడు, ఎదురు చెప్పడు. మొగుడైతే అలా ఉంటాడా?" అనేది. అంత హాస్యం ఉండేది ఆ పిల్లకి అప్పట్లో.

ఆమెకి ఇరవై ఆరేళ్ళప్పుడు పెట్టె తిత్తి చిరిగింది. బాగు చేయించడానికి వెళుతుంటే తోడొస్తానని నేనూ బయలుదేరాను. తోడు అవసరమని కాదు, ఆ పెట్టె లోపల ఏముంటుందో చూడాలని. మరమ్మతు చేసే ముసలాయన మేకులు తీసి, మూత ఎత్తి, రేకుల్ని వెలుతురులో పెట్టి చాలాసేపు చూశాడు.

"ఎవరమ్మా దీన్ని గీకింది?" అన్నాడు.

"గీకడమేంటి?"

"రేకు కొస ఆకురాయితో అరగదీశారు. కొస అరిగితే స్వరం పైకి పోతుంది. పెట్టె చేసినవాడు పెట్టిన చోట స్వరం లేదు. ఒక మెట్టు పైన ఉంది. దీంతో ఎవరు పాడుతున్నారు?"

"నేనే."

ఆయన ఆమె మెడ వంక చూశాడు. డాక్టర్లు చూసినట్టు చూశాడు. "కొత్త రేకు వేస్తాను. నీ గొంతుకి సరిగ్గా కుదిరే చోట పెడతాను. గంటలో పని" అన్నాడు.

గంటమ్మ చెయ్యి పెట్టె మీద పెట్టింది. "తిత్తి అతకండి చాలు. రేకు ముట్టుకోకండి."

దారిలో నా చెయ్యి పట్టుకుని, "నాన్నతో అనకు పిన్నీ" అంది. అననని మాటిచ్చాను. రెండు రోజులు ఆగాను. నా లెక్కలో అది తక్కువేం కాదు. మూడో రోజు వాళ్ళ నాన్న గుమ్మంలో ఒంటరిగా దొరికితే అడిగేశాను.

ఆయన ఉలిక్కిపడతాడనుకున్నాను. పడలేదు. "గీకింది మా నాన్న" అన్నాడు గుసగుసగా. "అప్పట్లో మైకులు లేవు. చివరి వరసలో కూర్చున్నవాడికి వినపడాలని."

"ఇప్పుడు మైకులున్నాయి కదండీ."

"మైకు ఎవరిదైనా కావచ్చమ్మా. పెట్టె మాది."

"మీ గొంతు పోయింది. మీ నాన్నగారి గొంతు పోయింది. పిల్ల సంగతేంటి?"

"నలభై దాకా పాడుతుంది కదా" అన్నాడాయన.

ఆ మాట విన్నాక నేను ఇంటికొచ్చి తలుపు వేసుకున్నాను. మిట్టమధ్యాహ్నం తలుపు వేసుకోవడం నాకు అలవాటు లేని పని. తెలియక చేసినవాళ్ళని తిట్టొచ్చు. తెలిసి, రోజులు లెక్కపెట్టుకుంటూ, రోజూ పొద్దున్నే తిత్తి ఆడించేవాళ్ళని ఏమనాలో నాకు తోచలేదు.

అప్పటి నుంచి ఆమె పాడుతుంటే నేను పాట వినడం మానేసి గొంతు వినడం మొదలుపెట్టాను. ముప్పై దాటాక చిన్న గరగర. ముప్పై ఐదుకి కచేరీకి ముందు రెండు రోజులు మౌనం, తర్వాత మూడు రోజులు మౌనం. వారానికి రెండు రోజులే మనిషి మాట వినపడేది. తాతా తండ్రీ పోయి ఇల్లు మారుతుందనుకుంటే, వాళ్ళ గుసగుస ఆమెలోకి వచ్చి చేరింది. ముప్పై ఎనిమిదిలో వయొలిన్ ఆయన మా మెట్ల మీద కూర్చుని మంచినీళ్ళు తాగుతూ చెప్పాడు.

"పైకి వెళ్ళాల్సిన చోట నేనే ముందు వెళ్ళి నిలబడుతున్నానమ్మా. ఆవిడ నోరు తెరుస్తుంది. జనం ఆవిడే పాడిందనుకుంటారు."

"ఆవిడకి తెలుసా?"

"ఒక్కసారి నా వంక చూసింది. ఆ తర్వాత చూడటం మానేసింది."

నలభై ఒకటో ఏట ఆ పాల కచేరీ. మొదటి గంట బాగానే నడిచింది. తర్వాత పైకి వెళ్ళే చోట నోరు తెరిచింది. వయొలిన్ మోగింది, ఆమెలోంచి గాలి వచ్చింది. ఉత్త గాలి. చివరి వరసలో నేనున్నాను, నాక్కూడా వినపడింది. మైకు పెట్టినందుకు అది కూడా హాలంతా వినపడింది. మరదలు పరిగెత్తుకెళ్ళి ఆమెని పట్టుకుంది. ఇంకో చేతిలో గ్లాసు ఉంది.

డాక్టరు దగ్గరికీ నేనే వెళ్ళాను. ఆయన గొంతులోకి దీపం వేసి చూసి, "ఎన్నేళ్ళుగా నొప్పి?" అన్నాడు. ఆమె వేళ్ళు చూపించింది. పది, మళ్ళీ ఐదు. "ఇది ఒక రోజులో వచ్చింది కాదు. మచ్చ మీద మచ్చ పడింది" అన్నాడాయన. ఆ మాట దర్జీకి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. గీకిన రేకు కంటే పొట్లం కాగితమే అతనికి నచ్చింది.

ఇప్పుడు ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, తమ్ముడికి ఒక కూతురు. తమ్ముడికి చిన్నప్పుడే ఏ స్వరమూ అందలేదు. తండ్రి విసిగి వదిలేశాడు. దాంతో బతికిపోయి, బ్యాంకులో కూర్చుని హాయిగా గట్టిగా మాట్లాడుతుంటాడు. కానీ వాడి కూతురికి గొంతుంది. నిరుడు ఏడో ఏడు రాగానే మేనత్త దాన్ని పెట్టె ముందు కూర్చోబెట్టింది. నోట్లోంచి మాట రాకపోయినా తిత్తి ఆడించడానికి చేతులున్నాయి కదా. మా కిటికీలోంచి అవే నరాలు, అవే నీళ్ళు. నలభై ఏళ్ళ కిందటి పొద్దు మళ్ళీ తెల్లారినట్టుంది.

ఒకరోజు మరదలు మా వంటింట్లోకి వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది.

"పిన్నిగారూ, పిల్ల బళ్ళో పాఠం చదవలేకపోతోందట. గొంతు బొంగురుగా ఉంటోందని టీచరు కబురు పెట్టింది."

"మీ ఆడపడుచుతో చెప్పి, పిల్లని పెట్టె ముందు నుంచి లేపెయ్యి."

"నేనెలా చెప్పను? వదిన గొంతు తీసింది చాలక ఇప్పుడు పిల్ల పాటకీ అడ్డుపడుతోందంటారు. నిన్న గేటు దగ్గర ఒకావిడ నా మొహం మీదే అంది."

ఇదీ ఆ పుకారు చేసిన పని. మీరు నోటికొచ్చినట్టు అనుకున్న మాట ఆ తల్లి నోరు కట్టేసింది. తండ్రి సంగతి అడగకండి, అక్క ఎదుట వాడికి ఇప్పటికీ ఏ స్వరమూ అందదు.

చివరికి మరదలే ఒక ఉపాయం చేసింది. బజారు నుంచి కరెంటు శ్రుతిపెట్టె కొనుక్కొచ్చింది. అరచేతంత ఉంటుంది, మీట తిప్పితే స్వరం పైకీ కిందికీ పోతుంది. తిత్తి ఆడించి మీ చేతులు నొప్పెడుతున్నాయి కదా వదినా అని ఇచ్చింది. గంటమ్మ తీసుకుంది. మర్నాడు పొద్దున్న మీట కిందికి తిప్పింది. ఒక మెట్టు.

ఆ మూడు రోజులు నేను మరిచిపోలేను. పిల్ల మెడలో ఒక్క నరం లేవలేదు. నవ్వుతూ పాడింది. పాలవాడు సైకిలు దిగి సందు మొదట్లో నిలబడిపోయాడు. సంగీతం అంటే మొహం చిట్లించే మా ఆయన పేపరు దించి, "ఎవరే ఆ పాడేది?" అన్నాడు. నేను పొయ్యి మీద అన్నం మాడబెట్టాను. హమ్మయ్య, గండం గడిచింది అనుకున్నాను.

నాలుగో రోజు పొద్దున్నే పాత పెట్టె మోగింది. పైన, అదే చోట.

ఈ ఆదివారం ఆ పిల్ల మా గుమ్మంలోకి వచ్చి పెదాలు కదిపింది. వినపడక వంగాను. "అమ్మ ఇక్కడికొచ్చిందా అమ్మమ్మా" అంటోంది, గుసగుసగా. ఆటకి కాదు. దానికి ఎనిమిదేళ్ళు.

నేను చేతిలో గరిటె కింద పెట్టి, సందు దాటి, చెప్పకుండా లోపలికి వెళ్ళాను. గంటమ్మ కిటికీ దగ్గర కూర్చుని మెత్తటి గుడ్డతో పాత పెట్టె తుడుస్తోంది. కరెంటు పెట్టె బీరువా మీద అట్టపెట్టెలో ఉంది, పైన దారం కట్టి.

"అమ్మాయ్, నిన్ను ఇన్నేళ్ళలో చాలా అడిగాను. ఇదొక్కటి మాత్రం దాటెయ్యకు" అన్నాను. "మీ నాన్న మొండివాడు, ఆయనకి పెట్టె మీద భక్తి. నీకు ఆ భక్తి లేదని నాకు తెలుసు. రేకు సంగతి ఇరవై ఏళ్ళ కిందటే తెలుసు నీకు. డాక్టరు అన్నదీ విన్నావు. నీ చేత్తోనే దించావు. మూడు రోజులు పిల్ల సుఖంగా పాడింది. మళ్ళీ ఎందుకు ఎక్కించావు?"

ఆమె తుడవడం ఆపలేదు. మూలలు కూడా తుడిచి, గుడ్డ మడిచి, అప్పుడు నా వైపు తిరిగింది. వినపడడానికి నేను ఆమె మొహం దగ్గరికి వంగాల్సి వచ్చింది.

"ఆ మూడు రోజులూ నువ్వూ విన్నావుగా పిన్నీ. ముప్పై ఏళ్ళకి పైగా నన్నూ విన్నావు. నేనెప్పుడైనా అలా పాడానా?"