మేకుకు తగిలించిన కొత్త గొట్టం

ఆయుధపూజ నాడు పొద్దున పదకొండు గంటల ఇరవై నిమిషాలకు నేను స్పానర్లన్నీ కిరసనాయిలుతో తుడిచి పీట మీద పేర్చాను. అందులో దాచవలసింది ఏమీ లేదు. పనిముట్లున్న ప్రతి ఇంట్లోనూ ఆ పూట చేసే పనే. అయినా ఇన్నేళ్ళుగా నేను మోస్తున్న బరువు ఆ నిమిషం నుంచే మొదలవుతుంది. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ళకు చెప్పలేకపోయాను కాబట్టి మీకు చెబుతున్నాను.

ఇది డెబ్భైల నాటి మాట. మహదేవపురలో మా ఇంటి వెనక ఒక రేకుల షెడ్డు ఉండేది. నేను ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసే ఉద్యోగం చేస్తూ, సెలవుల్లో ఆ షెడ్డులో బండ్లు విప్పేవాణ్ణి. మా అక్క భర్త వర్తూరు అవతల ఒక రాతి క్వారీ నడిపేవాడు. మిలిటరీవాళ్ళు వేలం వేసిన చిన్న ట్రక్కు ఒకటి కొన్నాడు. క్వారీ గుంతలోకి దిగే దారి అంతా గతుకులు. ఒక చక్రం గుంటలో పడితే ఇంకొకటి గాలిలోకి లేచేది. లేచింది ఊరికే తిరిగేది, బండి కదిలేది కాదు. చక్రాలు నేలను వదలకుండా, గుంట ఎంత లోతుంటే అంత కిందికి దిగేలా చేయమని బావ నన్ను అడిగాడు.

నాకు ఇష్టమైన పని అది. ఇరుసు మీద బండి బరువు మోసే పాత కమాన్ కట్టలు తీసి పొడుగువి వేశాను. షాక్ అబ్జార్బర్లు కూడా ఎక్కువ సాగేవి తెచ్చి, కొత్త బ్రాకెట్లు వెల్డింగ్ చేయించి బిగించాను. జాకీ ఎత్తి చూస్తే ఇరుసు ముందుకన్నా బెత్తెడు పైగా కిందికి వేలాడింది. ఆ సాయంత్రం ఎంత సంతోషపడ్డానో ఇప్పటికీ గుర్తుంది. అది గుర్తున్నందుకు సిగ్గేస్తుంది.

ఇరుసు దిగితే దానితో పాటు దిగవలసింది ఇంకొకటి ఉంది. చట్రం నుంచి ఇరుసుకు బ్రేకు నూనె తీసుకుపోయే రబ్బరు గొట్టం. పాతదానికి ఆ పొడుగు చాలదు. చక్రం పూర్తిగా దిగిన చోట తెగుతుంది, తెగితే నూనె కారిపోయి ఏ చక్రానికీ బ్రేకు పట్టదు. ఈ సంగతి నాకు తెలుసు. పొడుగు గొట్టం, బండి సామాన్లు అమ్మే జె.సి. రోడ్డులో కొని తెచ్చి షెడ్డు గోడకు మేకుకు తగిలించాను కూడా. చివర్లో వేద్దామనుకున్నాను. చివరికి మరిచిపోయాను.

ఇంతవరకైతే మరుపు. మరుపును మనుషులు క్షమిస్తారు.

స్పానర్లు పీట మీద పెట్టాక, బండికి కుంకుమ పెడుతూ తలెత్తితే మేకుకు ఆ కొత్త గొట్టం కనిపించింది. మా నాయన అప్పటికే పూలు వేస్తున్నాడు. పూజకు పెట్టిన పనిముట్టును మరునాడు దించేదాకా ముట్టుకోకూడదని మా ఇంట్లో పట్టింపు. రెండు స్పానర్లు చాలు. పావుగంట పని. అడిగితే నాయన అరిచేవాడు, తర్వాత ఇచ్చేవాడు. అడగడానికి నాకేమయింది? ఆచారమే అడ్డం వచ్చిందని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. దసరాకు బండి ఇస్తానని మాటిచ్చి, దీపావళికైనా ఇస్తావా అని బావ చేత నెల పొడుగునా ఎగతాళి పడినవాణ్ణి నేను. చుట్టాలందరి ముందూ పని ఇంకా మిగిలి ఉందని చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. అంతే.

గుమ్మడికాయ కొట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. బావ స్టీరింగు ముందు కూర్చుని నన్ను పిలిచాడు.

"ఏమప్పా ఇంజినీరూ, పని ముగిసిందా? ఇంకేమన్నా బాకీ ఉండాదా?"

"ఏమీ లేదు బావా."

"దేవుని ముందర చెప్తుండావు, చూడు మళ్ళా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

గుడి దాకా పోయి వస్తాడనుకున్నాను. అది చదునైన దారి, చక్రాలు దిగవు, గొట్టానికి ఏమీ కాదు. రేపు పొద్దున్నే మార్చేస్తే ఎవరికీ తెలియదు. కానీ క్వారీ మనుషులు సుత్తులకూ గునపాలకూ పూజ చేసుకుని బావ కోసం కాచుకుని ఉన్నారు. వాళ్ళకు పంచడానికి అక్క బొరుగులూ బెల్లమూ మూట కట్టి బండిలో పెట్టింది. అప్పుడు నేను షెడ్డు గుమ్మంలోనే ఉన్నాను. మూట చూశాను. ఎక్కడికి పోతున్నాడో అర్థమయింది. నోరు తెరవడానికి అప్పటికీ సమయం ఉంది.

క్వారీ దిగుడులో, సగం దారిలో, బ్రేకు పోయింది. బండి అంచు దాటి గుంతలో పడింది. ఆసుపత్రికి తీసుకుపోతుండగానే బావ పోయాడు.

కబురు వచ్చాక అందరికన్నా ముందు అక్కడికి చేరినవాళ్ళలో నేనొకణ్ణి. రాళ్ళ మీదంతా బొరుగులు. గేరు న్యూట్రల్‌లో ఉంది. బ్రేకు పట్టనప్పుడు కింది గేరుకు మార్చబోయాడు, అది పడలేదు. తొందర మనిషి చేసే పని కాదది. జాగ్రత్తగా దింపుతూ, ఆఖరి క్షణం దాకా బండిని ఆపాలని చూసినవాడు చేసే పని. నాకది చూడగానే తెలిసింది. బండ్ల సంగతి తెలిసినవాడివి, ఏమయిందని పోలీసాయన నన్నే అడిగాడు. వేగంగా దింపినట్టున్నాడని చెప్పాను.

బండిని మా షెడ్డుకే లాక్కొచ్చారు. మరునాడు నాయన ఏడుస్తూనే పనిముట్లను పీట మీద నుంచి దించాడు. ఇల్లంతా బావ శవం దగ్గర ఉన్నప్పుడు, కుంకుమ ఇంకా చెరగని ఆ రెండు స్పానర్లు తీసుకుని బండి కిందికి దూరాను. తెగిన గొట్టం విప్పి, మేకుకున్న కొత్త గొట్టం బిగించాను. పావుగంట పట్టింది. బతికున్న మనిషి కోసం చేయని పనిని నా కోసం చేసుకున్నాను. తర్వాత ఆ బండి తుక్కుకు పోయింది, కొత్త గొట్టంతోనే. పాతది పొయ్యిలో వేశాను.

మరిచిపోయినందుకు కాదు నేను ఈ రాత రాస్తున్నది. ఆ పావుగంట కోసం. ఆ తర్వాతి ఏళ్ళ కోసం.

మా అక్క మొగుణ్ణి ప్రేమించింది, అంతకన్నా ఎక్కువ కాలం ఆయన మీద కోపం పెట్టుకుని బతికింది. పిల్లలు సైకిలు గట్టిగా తొక్కినా మీ నాయన తొందరే మీకూ వచ్చిందని తిట్టేది. ఇద్దరు పిల్లల్ని చూసుకోకుండా దూకుడుగా పోయాడని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. నేను పక్కనే కూర్చుని వినేవాణ్ణి. ఒక్క మాట చెబితే ఆమెకు ఆమె మనిషి తిరిగి దక్కేవాడు. తమ్ముడు పోయేవాడు. ఆమెకు ఏది కావాలో తేల్చే హక్కు నాకెవరిచ్చారు? చదివిన పుస్తకాల్లో నాలాంటివాళ్ళు ఎదురైతే పుస్తకం మూసి పక్కన పెట్టేవాణ్ణి.

ఈ ఏడు వానలు మొదలయ్యే ముందు అక్క పోయింది. చివరి రోజుల్లో కూడా, కొంచెం నిదానంగా పోయుంటే ఏమయ్యేది ఆయనకు, అంది. నేను దుప్పటి సరిచేశాను.

ఇప్పుడు చెప్పినందువల్ల ఆమెకు వచ్చేది ఏమీ లేదు. మేనల్లుళ్ళకు ఈ కాగితం చూపిస్తానో లేదో ఇంకా తెలియదు. చూపించాలి. రాసిన తర్వాత చేయి కొంచెం తేలికైనట్టుంది, ఆ తేలిక నాకు చెందదని కూడా తెలుసు.

ప్రతి ఏడూ పెద్ద మేనల్లుడే నా స్పానర్లకు కుంకుమ పెట్టేవాడు, ఆ రెండింటికి కూడా. మొన్న పండక్కు కూడా అడిగాడు. నేను పెట్టె తాళం తీయలేదు. మా ఇంట్లో పనిముట్లకు ఇప్పుడు పూజ చేయడం లేదు.