మూడు కర్రుల నాగలి

మా ఆవిడ బట్టలు కుడుతుంది. ముందుగదిలో కిటికీ కింద మిషను, దాని చుట్టూ నేలంతా దారప్పోగులు. అవి నా కాళ్లకు చుట్టుకుని ఇల్లంతా తిరుగుతుంటాయి. ఒకసారి కొలత తీసిందంటే రెండోసారి టేపు ముట్టుకోదు. అలాంటి మనిషి పుట్టింటి పంపకంలో కొలత తప్పింది, అదీ న్యాయం చేయబోయి.

మామగారు పోయాక పొలం రెండు ముక్కలు చేశారు. అక్కడ పేచీ లేదు, పేచీ అంతా కొట్టంలో వచ్చింది. కొట్టంలో రెండు ట్రాక్టర్లు, రెండు నాగళ్లు. యాభై అయిదు హార్స్‌పవర్ పెద్దదానికి మూడు కర్రుల నాగలి, ముప్పై అయిదు చిన్నదానికి రెండు కర్రులది. మామగారు నేల చూసి, బండి లాగుడు చూసి జత కుదిర్చినవి. నా బావమరుదులిద్దరూ పెద్ద జతే కావాలన్నారు. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం ఇద్దరూ. చివరికి అక్క ఎలా చెబితే అలా అన్నారు. ఆమె బాగా ఆలోచించి, పెద్ద ట్రాక్టరు పెద్దోడికి, దానితో చిన్న నాగలి. చిన్న ట్రాక్టరు చిన్నోడికి, దానితో పెద్ద నాగలి అని తేల్చింది. ఎవరికీ ఎక్కువా కాదు, తక్కువా కాదు. నేను బస్సు డ్రైవర్ని, ఇంజన్ల సంగతి ఎంతో కొంత తెలుసు. "జతలు విడదీస్తే రెండూ పాడవుతాయి" అన్నాను. "మీరు ఊరుకోండి" అని ముగ్గురూ నామీద లేచారు. ఆ ముగ్గురూ ఒకే మాట మీద నిలబడటం నేను చూసింది అదే ఆఖరు.

పెద్దోడికి పెద్ద నష్టం లేదు. అంత బండి అంత చిన్న నాగలిని ఆడుతూ పాడుతూ లాగుతుంది, కాకపోతే పని సాగదు, డీజిలు దండగ. చిన్నోడి సంగతి అలా కాదు. వాడి వాటా మిట్ట వైపు, నేల గట్టిది. మూడు కర్రులూ దిగేసరికి ఇంజను మూలిగేది, నల్లటి పొగ, వెనక చక్రాలు ఉన్నచోటే తిరిగేవి. క్లచ్ మార్పించిన కొన్నాళ్లకే మళ్లీ కాలిపోయింది. అది పోనీ అనుకోవచ్చు. దున్నుతున్న చాలు చివర నాగలి పైకెత్తగానే ముందు చక్రాలు నేల వదిలేసేవి. వాడు ముందు బంపరుకి రాళ్ల బస్తా కట్టాడు. మెకానిక్ చూసి, "ఈ నాగలి మార్చకపోతే ఏదో రోజు మిట్ట ఎక్కేటప్పుడు బండి వెనక్కి తిరగబడి నీమీదే పడుతుంది" అన్నాడు.

ఆ మాట మా ఆవిడ చెవిన పడింది. అప్పట్నుంచి దుక్కి రోజుల్లో ఫోను మోగితే చాలు, మిషను ఆపేసి పరుగెత్తేది. "నేనే వాణ్ని దాని మీద ఎక్కించానండీ" అనేది.

"మూడో కర్రు విప్పేసుకోరా" అంది చిన్నోడితో.

"నా వాటాలో మూడో వంతు విప్పేయమంటావా అక్కా?"

"పోనీ అన్నని అడిగి మార్చుకో."

"చేత్తోనైనా తవ్వుకుంటా గానీ వాణ్ని అడగను."

పెద్దోడి దగ్గరకి వెళ్లింది. "వాడి నోటితో అడగమను" అన్నాడు వాడు. "నీకెప్పుడూ చిన్నోడే కదా. ఇంకోసారి ఆ నాగలి ఊసెత్తావంటే నాకు అక్క లేదనుకుంటాను."

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఇద్దర్నీ చెరో చెంపా వాయించి రావాల్సింది అన్నాను. ఆమె నవ్వలేదు.

వాన పడింది. చిన్నోడు మిట్ట వైపు దున్నబోతున్నాడని తెలిసి ఇద్దరం వెళ్లాం. గట్టుకి అవతల పెద్దోడు కూడా దున్నుతున్నాడు. చిన్నోడు బండి ఆపి బంపరు మీదికి రెండో బస్తా ఎత్తుతున్నాడు. ఆమె చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని వెళ్లి, ఆ బస్తా కిందికి లాగేసి, దాని చోట తను కూర్చుంది.

"బరువే కదా నీకు కావాల్సింది? నేను ఆ బస్తాకి తీసిపోను. నడుపు."

"అక్కా, పిచ్చా నీకు? దిగు!"

"పడితే ఇద్దరం పడతాం. నడుపు."

చిన్నోడు సీటెక్కాడు గానీ తాళం తిప్పలేదు. అవతల పెద్దోడి బండి ఆగింది. వాడు లేచి నిలబడి ఇటే చూస్తున్నాడు. ఆమె కూడా అటే చూస్తోంది, వస్తాడని. వాడు రాలేదు. చిన్నోడు స్టీరింగు మీద తల ఆనించాడు. తల ఎత్తకుండానే, "వెళ్లి అడుగు బావా. నేనే అడిగానని చెప్పు" అన్నాడు.

నేను గట్టు దాటేసరికే పెద్దోడు తన నాగలి విప్పేస్తున్నాడు.

"వాడు అడిగాడు" అన్నాను.

"అడగలేదు, అడిగించారు. తీసుకెళ్లండి. మీ ఆవిడతో చెప్పు బావా, ఇక మా గుమ్మం తొక్కొద్దని."

మీ ఆవిడట! నా పెళ్లినాటి నుంచి వాడి నోట 'అక్క' తప్ప ఇంకో మాట వినలేదు నేను. ఒళ్లు మండిపోయింది. వయసు మర్చిపోయి చెయ్యెత్తేవాణ్నే, కానీ వాడి కళ్లలో నీళ్లున్నాయి. వాడు బండెక్కి, వెనక ఏమీ లేకుండా ఇంటిదారి పట్టాడు.

తిరిగి వచ్చేసరికి ఆమె ఇంకా బంపరు మీదే ఉంది.

"ఏమన్నాడండీ?"

"నాగలి తీసుకెళ్లమన్నాడు."

"ఇంకా?"

"అక్కని ఎండలో కూర్చోవద్దని చెప్పమన్నాడు."

ఆమె నా మొహంలోకి చూసింది. "వాడన్నది చెప్పండి" అంది.

చెప్పాను. ఒక్క ముక్క దాచలేదు.

ఆమె దిగింది. పమిటతో మొహం తుడుచుకుని తమ్ముడి వైపు తిరిగింది. "పద, ఆ నాగలి తగిలించుకో. తడి ఆరిపోతుంది."