అంచులో పేరు

మొన్న మనవడు నిశ్చితార్థానికి సూటు గుడ్డ కొనుక్కొచ్చి, సూరత్ అడాజన్‌లోని మా ఫ్లాటులో సోఫా నిండా పరిచాడు. "నానమ్మా, అంచు దేఖో. ఏక్‌దమ్ ఇంగ్లండ్ మాల్," అన్నాడు. నేసింది మన సూరత్‌లోనేనని ముట్టుకోగానే తెలిసింది. అంచులో మాత్రం ఇంగ్లీషు కంపెనీ పేరు మెరుస్తోంది. నాకు నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది.

నేను కొత్త కోడలిగా తెలంగాణ నుంచి సూరత్ శివార్లలోని ఉన్‌కు వచ్చినప్పుడు మా మామ, అంటే మా ఆయన తండ్రి, ఒక సేఠ్ కార్ఖానాలో మరమగ్గాలు నడిపేవాడు. అవి ఒకప్పుడు బొంబాయిలో తెల్లదొరల మిల్లువి. స్వాతంత్ర్యం వచ్చాక దొరలు మిల్లు అమ్ముకుని ఓడెక్కారు. మగ్గాలు తుక్కు కింద చేతులు మారి సూరత్ చేరాయి. వాటితోపాటు కంపెనీ పేరు కూడా సేఠే కొన్నాడు. ఇనుము తుప్పు పట్టినా పేరుకు గిరాకీ తగ్గలేదు. చదువురాని మామ, అంచులో తను నేసేది సేఠ్ పేరేననుకుంటూ ఏళ్ళు గడిపాడు. ఒకరోజు అన్నం దగ్గర మా ఆయన గుడ్డ అంచులోని ఆ దొరల కంపెనీ పేరు చదివి చెప్పాడు. మామ ముద్ద దించేశాడు.

"గీళ్ళ గుడ్డ వచ్చే మా తాత మగ్గం మూలకు పడ్డది. గిప్పుడు గీళ్ళ పేరు నేను నేయాల్నా?"

"జర ఊకోండ్రి," అంది అత్త. "మనముండే ఖోలీ సేఠ్‌ది. కొత్త కోడలిని రోడ్డు మీద పెడ్తరా?"

మర్నాడు మామ పేరు లేని ఉత్త అంచుతో గుడ్డ తాను దించాడు. పేరు మీదే మాల్ అమ్ముడయ్యేదని సేఠ్ అరిచాడట. "అయితే కొనేటోళ్ళను పేరే కట్టుకొని తిరగమను," అని మామ వచ్చేశాడు. సాయంత్రానికి నా పెట్టె నా నెత్తిన ఉంది.

తర్వాత ఒక మగ్గం కిరాయికి తీసుకున్నాడు. అంచులోకి నా చేత రెండక్షరాలు రాయించుకున్నాడు: మాది. గుడ్డ కొనడానికొచ్చిన వ్యాపారి ఆ లిపి చూసి, ఏ దేశపు సరుకని కళ్ళింతలు చేశాడు. అత్త మామ కాలు తొక్కింది. నోరు మూసుకుంటే మంచి ధర పలికేది.

"తెలుగు," అన్నాడు మామ. "సూరత్‌ల నేనే నేసిన."

వ్యాపారి ధర సగానికి దించాడు, మామ తాను చుట్టేశాడు. ఆ ఏడు ఇంటిల్లిపాదికీ అవే చొక్కాలు, అవే దిండు గలీబులు. నాకు గర్వంగానే ఉండేది, ఇప్పటికీ ఉంది.

ఇదంతా మనవడికి చెప్పి, కత్తెర తెచ్చి, అంచు కోసేశాను. దొరలు పోయి నా వయసంత కాలమైంది. వాళ్ళ పేరు పోవడానికి ఇంకెంత కాలం పడుతుందో గానీ, నా ఇంట్లో మాత్రం మొన్నటితో సరి.